ముందు దొడ్డి, పిమ్మట కుందేళ్లు

గడచిన కొన్ని మాసములుగా మన సంఘసభ్యులలో పలువురు కుందేళ్ల పెంపకమునకై అప్పు కోరుచు అర్జీలు పెట్టుకొనుచున్నారు. ఆ అర్జీలను మేము శ్రద్ధతో చదివితిమి. ప్రతిదానిలోను కుందేళ్ల జత ధర కలదు, జాతిపేరు కలదు, ఒక్కొక్క తల్లి సంవత్సరమునకు ఎన్ని ఈతలు ఈనునో, ఈతకు ఎన్ని పిల్లలో, పిల్ల యెంత తూగునో, సర్వమును లెక్కగట్టబడి యున్నది. ఆ జంతువులు ఎక్కడ నివసింపవలెనను మాట మాత్రము చిట్టచివర "కంచె, ఇతర ఖర్చులు" అను నొక్క పంక్తిలో ఇమిడియున్నది.

మా యభిప్రాయమున ఈ లెక్క తలక్రిందుగా నున్నది. కుందేళ్లను గుంపుగా ఆరుబయట పెంపదలచిన సభ్యునకు సంఘము మొదటి వాయిదాను దొడ్డికే ఇయ్యవలెను. దొడ్డి పూర్తియై, ఒక పక్షము దినములు ఖాళీగా నిలిచి, పరీక్షకు ఆగిన పిమ్మటనే కుందేళ్లకు సొమ్ము విడుదల చేయవలెను. ఈ నిబంధన కొందఱికి కఠినముగా తోచవచ్చును. తోచినను మేము దీనిని గట్టిగానే చెప్పుచున్నాము.

మేకలకు, గొఱ్ఱెలకు ముళ్లకంపతో దొడ్డి కట్టుట మనకు తరతరముల యలవాటు. వానికది చాలును. ఏలయన మేక అఱచును. గొఱ్ఱెలు గుంపుగా బెదరి సద్దు చేయును. కాపరి ఆ ప్రక్కనే గొంగడి కప్పుకొని పరుండును. అతని కుక్క మెలకువగా నుండును. కుందేలునకు ప్రాణము పోవునప్పటి కీచుధ్వని తప్ప దూరమునకు వినబడు వేఱు గొంతు లేదు. మా యెఱుకలోని యొక సభ్యుడు ముళ్లకంపకు లోపలివైపున కోళ్లవల కట్టి, ఇరువది కుందేళ్లను విడిచెను. మూడవ వారమున ఒక రాత్రి ఊరకుక్కలు వలక్రింద మన్ను త్రవ్వి లోపల జొరబడినవి. తెల్లవారునప్పటికి ఏడు మిగిలినవి. ఆ యేడింటిలో నాలుగు, ఒంటిమీద గాయమైనను లేకయే, రెండు దినములలో చచ్చినవి. అవి భయముచేతనే చచ్చినవి. అప్పు మాత్రము చావలేదు. అది లెక్కపుస్తకములో నేటికిని వడ్డీతో వర్ధిల్లుచున్నది.

ఇచ్చట నొక పొరపాటును దిద్దవలసి యున్నది. మన చేలలో కనబడు చెవులపిల్లిని, అనగా అడవి కుందేలును చూచి, పెంపుడు కుందేలును అట్టిదే యని అనేకులు తలంచుచున్నారు. ఇవి రెండును వేఱు జంతువులు. అడవి కుందేలు ఒంటరిగా తిరుగును, బొరియ త్రవ్వదు, పొదక్రింద నేలమీదనే ఒదిగి కూర్చుండును. దాని పిల్ల కన్నులు తెఱచి, ఒంటినిండ బొచ్చుతో పుట్టును. పెంపుడు కుందేలు ఐరోపా ఖండపు కుందేలి సంతతి. ఆ జాతి కుటుంబములుగా కూడి, నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రతుకును. దాని పిల్లలు గ్రుడ్డివిగా, బొచ్చులేనివిగా పుట్టును. చెవులపిల్లిని పట్టి దొడ్డిలో వేయవచ్చునా యని యడిగిన సభ్యులకు మా సమాధానము: వేయరాదు. అది పెంపుడు కుందేలుతో కలిసి సంతానము కనదు. అంతియగాక 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుట నేరము.

పెంపుడు కుందేలునకు గుంపు ప్రియము, త్రవ్వుట స్వభావము. దొడ్డి కట్టువాడు ఈ రెండింటిని మఱువరాదు. త్రవ్వు జంతువునకు ఆలస్యముగా వేసిన కంచె యేమి చేయునో ఆస్ట్రేలియా దేశము చూపినది. 1859లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటవినోదమునకై ఇంగ్లండునుండి సుమారు రెండు డజనుల కుందేళ్లను తెప్పించి, విక్టోరియాలోని తన భూమిలో విడిచెను. అవి కొన్ని దశాబ్దములలో దేశమంతట వ్యాపించి పైరులను, పచ్చికను నాశనము చేసినవి. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వమువారు వానిని ఆపుటకై 1901 మొదలు 1907 వరకు శ్రమించి, మూడు వరుసలుగా మొత్తము మూడువేల కిలోమీటర్లకు మించిన తీగకంచె వేసిరి. మొదటి వరుస ముగియకమునుపే కుందేళ్లు దానికి ఆవలివైపున కనబడినవి! అంత ధనము, అంత శ్రమ, ఆలస్యమువలన వ్యర్థప్రాయమయ్యెను. మన పెరటిదొడ్డి దానిముందు పరమాణువు. కాని కుందేలు అదే కుందేలు.

ఇక దొడ్డి సంగతి. ఎనిమిది పెద్ద ఆడుకుందేళ్లకు పండ్రెండు అడుగుల పొడవు, పది యడుగుల వెడల్పు, నేలపై ఆఱడుగుల యెత్తుగల దొడ్డి తగియుండునని మా యంచనా. మనిషి నిలువుగా నిలిచి ఊడ్చుకొనలేని దొడ్డి శుభ్రముగా నుండదు. కావున ఎత్తు తగ్గింపవద్దు. స్తంభములకు మన ప్రాంతములలో దొరకు రాతి కూసములే మేలు; కఱ్ఱగుంజలను చెదలు తినును. వల విషయమున మిక్కిలి జాగ్రత్త యవసరము. ఆఱు పలకల కన్నులుగల కోళ్లవల కోళ్లను లోపల నిలుపుటకే గాని కుక్కను బయట నిలుపుటకు గాదు. కుక్క దానిని పండ్లతో చించును, కుందేలే దానిని కొఱుకును. అంగుళము పొడవు, అర అంగుళము వెడల్పు కన్నులుగల జింకు పూతపూసిన వెల్డ్ మెష్‌ను, పదునాలుగు గేజి తీగతో చేసినదానిని, కొనవలెను. కన్ను ఇంతకు పెద్దదైనచో పాము దూరును. పాము పెద్ద కుందేలును మ్రింగకపోయినను పిల్లలనొక్కొక్కటిగా మ్రింగి, కడుపునిండినపిదప వచ్చిన కన్నములో తిరిగి వెడలలేక లోపలనే పడియుండును. ఉదయమున గడ్డి వేయవచ్చు ఇల్లాలికి అది ప్రాణాపాయము.

ఈ వల నేలయొద్ద ఆగిపోరాదు. ఒక అడుగు లోతు నేలలోనికి దిగి, అచ్చట దొడ్డి యడుగున పఱచిన వలతో తీగకుట్లచే కలిసిపోవలెను. దానిపై మన్ను కప్పినచో కుందేలునకు త్రవ్వుకొన ఒక అడుగు నేల దొరకును. దానికి మించి దారి దొరకదు. వెలుపలివైపున గోడవలకు మొదట మఱియొక రెండడుగుల వలను నేలబారుగా పఱచి, పైన ఱాళ్లు పేర్చవలెను. కుక్కయు నక్కయు ఎప్పుడును గోడమొదటనే త్రవ్వ మొదలిడును. పంజాకు తీగ తగిలినచో ప్రక్కకు జరిగి మరల గోడమొదటనే త్రవ్వును. రెండడుగులు వెనుకకు పోయి త్రవ్వుదమను తెలివి దానికి లేదు. కడపబండలు చవుకగా దొరకు గ్రామములలో ఈ వెలుపలి వలకు బదులు బండలే పఱచుకొనవచ్చును. చౌడునేలలో తీగ త్వరగా త్రుప్పుపట్టును గావున సంవత్సరమున కొకసారి నాలుగు మూలల మన్ను తీసి చూడవలెను.

పైకప్పు లేనిదే దొడ్డి యనరాదు. జంగుపిల్లి, ముంగిస, పగటివేళ గద్ద, కొన్ని యూళ్లలో కోతులు, ఇవన్నియు పైనుండి వచ్చును. లెక్క చూడుడు: నాలుగుప్రక్కల చుట్టుకొలత నలుబదినాలుగు అడుగులు, నేలలోని అడుగుతో కూడ ఎత్తు ఏడడుగులు, అనగా 308 చదరపుటడుగులు, వెలుపలి పఱపు మూలలతో కలిసి 104, పైకప్పు 120, అడుగుభాగము 120. మొత్తము 652 చదరపుటడుగుల వల. అతుకులకు కొంత చేర్చి ఏడువందలనుకొనవలెను. "కంచె, ఇతర ఖర్చులు" అను పంక్తిలో ఇది యెట్లు ఇముడునో అర్జీదారులే చెప్పవలెను.

వలకు బయట మొదటి రెండడుగుల యెత్తున తాటాకు తడిక కట్టవలెనని కూడ మా సూచన. లోపలికి రాలేని కుక్కయు రాత్రియంత చుట్టు తిరిగినచో కుందేళ్లు బెదరి, పరుగులో గోడకు కొట్టుకొని నడుము విఱుగగొట్టుకొనును. కుక్క కనబడకున్నచో భయము సగము తగ్గును. లోపల దాగుటకు పాత కుండలను, పగిలిన కాగులను ప్రక్కకు దొరలించి, పైన మన్ను కప్పి ఉంచవలెను. ప్రతి దాపునకు రెండు వాకిండ్లుండవలెను. గుంపులో బలహీనమైన కుందేలును బలమైనది తఱిమినప్పుడు, ఒకే వాకిలియున్న చోట అది చిక్కుకొని గాయపడును. వాకిటికి జంట తలుపులుంచినచో, ఒకటి మూసిన పిదప రెండవది తెఱచుకొనవచ్చును.

శత్రువులలో నెల్ల పెద్దది ఎండ యని మేము భావించుచున్నాము. కుందేలునకు చెమట పట్టదు. చెవులద్వారమున, ఊపిరిద్వారమున మాత్రమే వేడిని విడుచును. ముప్పదియైదు డిగ్రీలు దాటిన వేడి కొన్నాళ్లు నిలిచినచో పోతులకు సంతానశక్తి సన్నగిల్లును. అంతకుమించిన వేడిలో ప్రాణమే పోవును. కేంద్ర గొఱ్ఱెల, ఉన్ని పరిశోధన సంస్థవారికి కుందేళ్లపై పనిచేయు కేంద్రములు కొడైకెనాలు కొండలలోని మన్నవనూరులోను, హిమాచలప్రదేశములోని గార్సాలోను గలవు. రెండును చల్లని కొండచోట్లు. అచ్చటి ఫలితములను రామగుండము, రెంటచింతల యెండలకు యథాతథముగా అన్వయించుకొనుట ప్రమాదకరము. మన దొడ్డి వేపచెట్టు నీడలో, తూర్పుపడమరలుగా పొడవుంచి, వలకప్పుపై దట్టమైన తాటాకు కప్పుతో నుండవలెను. రేకు పనికిరాదు. చైత్రమునుండి జ్యేష్ఠమువరకు పడమటివైపున గోనెపట్టాలు వ్రేలాడగట్టి మధ్యాహ్నము తడుపుచుండవలెను. చెట్టునీడ లేనివారు రెండేండ్లు ముందుగా అవిసెమొక్కలు నాటుకొనుట మంచిది. ఆకు మేతకును వచ్చును. గన్నేరును మాత్రము దొడ్డిదరిని నాటరాదు. అది విషము.

గుంపు అనగా ఏ కుందేళ్లనైనను కలిపివేయుట గాదు. ఈడువచ్చిన రెండు పోతులొకచోట నున్నచో ఒకదానినొకటి చీల్చుకొనును. కావున మూడుమాసముల లోపుననే పోతుపిల్లలను వేఱుచేయవలెను. ఆడువానితో పోతును ఎల్లప్పుడును ఉంచుటయు తప్పే. కుందేలు ఈనిన దినముననే మరల చూలు కట్టగలదు. ముప్పదియొక్క దినములకు మరల ఈనును. ఇట్లు విశ్రాంతి లేక తల్లి క్షీణించును, పిల్లలు పాలులేక చచ్చును. ఒకే యీతలో పుట్టి కలిసి పెరిగిన ఆడుకుందేళ్లు చక్కగా కలిసియుండును. కొత్తదానిని పాతగుంపులో వేయుట కలహమును కొనితెచ్చుట. ఈనబోవు తల్లిని వేఱొక పెట్టెలోనికి మార్చి, పెట్టెకాళ్లను నీటిచిప్పలలో నిలుపవలెను; లేనిచో కన్నులు తెఱవని పిల్లలను చీమలు తినును.

పంజరములలో పెంచువారు మాపై ఒక ఆక్షేపణ తెచ్చెదరు. నేలపై గుంపుగా నున్న కుందేళ్లకు కాక్సిడియా యను పేగురోగము హెచ్చుగా వచ్చునని వారి మాట. అది సత్యమే, దాచిపెట్టుట న్యాయము గాదు. ఆ రోగపు బీజములు పెంటలో వెడలి, తేమలో కొలది దినములకే రోగము నంటించు శక్తిని పొందును. కావుననే దొడ్డి నేల చుట్టుపట్ల నేలకంటె జానెడెత్తుండి వాననీరు నిలువకుండవలెను; మేతను నేలపై వేయక తడకకు వ్రేలాడగట్టవలెను; ప్రతి ఉదయము ఊడ్వవలెను; ఏటికి రెండుసార్లు పైమన్ను తీసి ఎండిన కొత్తమన్ను పోయవలెను. ఇంత చాకిరికి ఓపలేనివారు పంజరములనే నమ్ముకొనుట మేలు. ఓపగలవారు ఈను తల్లులను పెట్టెలలోను, చూలులేని తల్లులను, పాలు మఱచిన పిల్లలను దొడ్డిలోను ఉంచినచో, ప్రతి ప్రాణికి ఒక పంజరము కొననక్కఱలేదు. తీగనేలపై నిలిచి కాళ్లు పుండ్లుపడుటయు నుండదు. నల్లరేగడి గ్రామములవారు మాత్రము వానకాలములో ఈ దొడ్డిని తలపెట్టవద్దని చెప్పుచున్నాము. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలువిచ్చి, కూసములను కదలించును. ఎఱ్ఱచెలకలవారికి ఆ బాధ లేదు.

పిల్లలన్నిటిని తామే తిరిగి కొందుమని మాటయిచ్చి, జతలను ఎక్కువ వెలకు అంటగట్టు వర్తకులు గ్రామములకు వచ్చుచున్నారు. వారు దొడ్డి మాట ఎత్తరు. కుందేళ్లు త్వరగా చచ్చినచో వారు కొనవలసిన పనియే లేదు గదా! మొదటి వాయిదా వలకే యను నిబంధన యుండినచో అట్టివారి తొందరకు సభ్యుడు లోబడడు. వలచుట్టలను సంఘమే ఒక్కమారుగా కొని, సభ్యులకు అసలు ధరకు ఇచ్చుట న్యాయము. విడివిడిగా కొనువాడు చిల్లర ధర పెట్టును, లేదా పలుచని తీగతో సరిపెట్టుకొనును.

పరీక్ష మిక్కిలి సులభము, దానికి ఖర్చు లేదు. దొడ్డి ముగిసిన పిదప చుట్టును, లోపలను జల్లించిన బూడిద పలుచగా చల్లి, లోపల కొంత ఎండుచేప వ్రేలాడగట్టి, ఖాళీగా విడువవలెను. ప్రతి ఉదయము బూడిదపై అడుగులను చూడవలెను. పక్షము దినములు బయట మాత్రమే అడుగులు కనబడి లోపల ఒక్కటియు లేనిచో ఆ దొడ్డి నిలిచినట్లే. లోపల ముంగిస యడుగు కనబడెనా, అది దూరిన కన్నమును వెదకి కుట్టి, మరల మొదటి దినమునుండి లెక్కింపవలెను. ఈ పరీక్షను చూచుటకు పంచాయతుదారులలో ఇద్దఱిని నియమింపవలెనని వచ్చు సర్వసభ్య సమావేశమున తీర్మానము ప్రతిపాదింపబోవుచున్నాము. ప్రతికూలముగా మాటాడదలచినవారు తమ వాదమును లిఖితపూర్వకముగా కార్యదర్శికి ముందుగా అందజేసినచో, దానినికూడ ఈ పత్రికలోనే ప్రకటించెదము.