ముక్కును దిద్దించుకొనే ముందు

సంపెంగ మొగ్గ వంటి ముక్కు, కోటేరు వేసిన ముక్కు అంటూ మన పెద్దలు ముఖసౌందర్యంలో నాసికకు పెద్దపీట వేశారు. తెగిన ముక్కును తిరిగి నిలిపే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉన్నది. పుణె ప్రాంతంలో కవాస్‌జీ అనే బండివానికి నుదుటి చర్మంతో ముక్కు నిర్మించిన వృత్తాంతం 1794లో లండన్ పత్రికలో వెలువడగా, దాని ప్రేరణతో కార్ప్యూ అనే వైద్యుడు 1814లో అక్కడ అదే చికిత్స చేశాడు.

అయితే పోయిన ముక్కును నిలుపుకొనుట అవసరం. ఉన్న ముక్కుకు మెరుగులు దిద్దించుకొనుట అభిలాష. అభిలాషకు చెల్లించవలసిన మూల్యాన్ని ముందుగానే లెక్కించుకోవాలని మా మనవి.

ఇంజనీర్లమైన మాకు ముక్కు మొదట గాలిమార్గం. గుండ్రని గొట్టంలో నిలకడగా సాగే ప్రవాహాన్ని తీసుకుంటే, వ్యాసం పదవవంతు తగ్గినప్పుడు అదే పీడనానికి ప్రవాహం సుమారు మూడవవంతు పడిపోతుంది. ముక్కు అచ్చమైన గొట్టం కాకపోయినా హెచ్చరిక ఒకటే: సన్నదనం కోసం ఎముకను, మృదులాస్థిని అతిగా తొలగిస్తే ఊపిరి ఆడటమే కష్టమవుతుంది.

రక్తస్రావం, ఇన్ఫెక్షన్, మత్తుమందు వికటించడం, చర్మం మొద్దుబారడం, ముక్కు వంకరగా మానడం ఇతర ప్రమాదాలు. ముక్కు నడిగోడలో రక్తం చేరితే వెంటనే తీయించాలి; లేనిచో మృదులాస్థి నశించి ముక్కుదూలం కుంగిపోవచ్చును. కొందరికి రెండవ ఆపరేషన్ తప్పదు. అది మొదటిదానికంటె కష్టతరం. వాపు పూర్తిగా తగ్గి అసలు రూపం తేలడానికి ఏడాది పట్టవచ్చును.

దీవులలో నివసించే మనకు మరొక చిక్కు ఉన్నది. చెన్నైలోనో విశాఖపట్నంలోనో ఆపరేషన్ చేయించుకొని, 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన మన పోర్ట్ బ్లెయిర్‌కు తొందరపడి తిరిగివస్తే, చేసిన వైద్యుడు సముద్రానికి ఆవల ఉండిపోతాడు. రక్తస్రావం రెండవ వారంలోనూ తలెత్తవచ్చును. కావున వైద్యుడు సరేననే వరకు అక్కడే ఉండేలా సెలవు పెట్టుకోవాలి. తిరిగివచ్చాక కూడా వైద్యుడు చెప్పినన్ని వారాలు సముద్రస్నానం, ఎండ, బరువులెత్తడం మానాలి. కేవలం అందం కోసం చేసే చికిత్సకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదని కూడా గమనించగలరు.

వైద్యుని అర్హత, అనుభవం, తేడా వస్తే చూసే బాధ్యత ఎవరిదన్నది ముందే అడిగి తెలుసుకోండి. పెళ్ళిసంబంధాల వేళ "పిల్ల ముక్కు కాస్త చప్పిడి" అనే మాటలు ఇంట్లో వినబడితే, ఆ పిల్లను ఆసుపత్రికి పంపేముందు ఆ మాటలను మానుకోవడం పెద్దలుగా మన కర్తవ్యం.