మన ముఖం మన రంగులోనే



మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. పట్టాతో నాకు పది ఫొటోలున్నాయి. మా నాయనమ్మకు ఉన్నది ఒక్కటే. అదీ రేషన్ కార్డులో, అందరితో కలిసి. ఆమె పోయాక దాన్నే పెద్దది చేయించి గోడకు తగిలించాం. కళ్లు కనపడవు.

ఇవాళ మన చేతుల్లో కెమెరా ఫోన్లున్నాయి. సెల్ఫీలు వందలున్నాయి. అమ్మానాన్నల ఫొటో సరైనది ఒక్కటైనా ఉందా?

మొన్న సంక్రాంతికి అమ్మను తీశాను. చూసి, "ఇది నేను కాదురా" అంది. బ్యూటీ మోడ్ ఆమెను తెల్లగా మార్చేసింది. పూర్వం ఫిల్ము ల్యాబుల్లో రంగులు సరిచూసే 'షర్లీ' కార్డుల మీదా ఎన్నో ఏళ్లు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. నలుపును దిద్దాలనుకోవడం యంత్రం తప్పు కాదు, దాన్ని తయారుచేసినవాళ్ల చూపు.

కాబట్టి ముందు ఆ మోడ్ తీసేయండి. లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి. మనిషిని గుమ్మం దగ్గర, వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టండి. జూమ్ చేయకుండా రెండడుగులు దగ్గరికి వెళ్లండి. తెరమీద ముఖాన్ని తాకి, చీకటిగా ఉంటే వెలుగు కొంచెం పెంచండి. బాగా వచ్చినదాన్ని ప్రింటు వేయించండి. ఫోను ఏనాటికైనా పాడవుతుంది.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, పనినుంచి వచ్చిన నాన్నను ఆ చొక్కాతోనే తీయండి. మనల్ని చదివించిన చేతులు కూడా ఫొటోలో పడాలి.