తుపాకీ మాటెత్తితే నవ్వెందుకు?

"పెద్దయ్యాక ఏమవుతావు?" అని తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగే రోజు ఏడాదికోసారి వస్తుంది. డాక్టరు, టీచరు, పోలీసు, కలెక్టరు అని వరస సాగుతుంది. కిందటేడు మా తరగతిలో ఎరుకల పిల్లాడొకడు లేచి, "తుపాకులు రిపేరు చేసే పని నేర్చుకుంటా సార్" అన్నాడు. పిల్లలు నవ్వారు. పిల్లలు కదా, నవ్వుతారు. మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఒక పెద్దాయన మాత్రం, "ఎక్కడికి పోతాయ్ బుద్ధులు" అన్నాడు. ఆ పూట మాకు అన్నం సయించలేదు.

ఆ మాట ఆయన సొంతం కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టిన కులమే నేరమైంది. హాజరు పలకాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల పక్కన స్టువర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. పని నేర్పి బాగుచేస్తామన్నారు. తీరా అక్కడి వాళ్ళలో చాలామందిని చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలుగా పంపారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో పోయింది. తర్వాత 1962లో మన రాష్ట్రానికి అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. విముక్త జాతుల వాళ్ళను అలవాటు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పేసరికి 2024 అక్టోబరు 3 అయింది. స్టాఫ్‌రూములకు ఆ తీర్పు ఇంకా చేరలేదు.

చిత్రమేమిటంటే, ఏటా జూలై 4న అల్లూరి సీతారామరాజు పటానికి దండేసేదీ ఈ బడుల్లోనే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి మన్యం జనం తుపాకులు పట్టుకెళ్ళిన కథ చెప్పి చప్పట్లు కొట్టిస్తాం. అదే తుపాకీని చట్టప్రకారం విప్పి, తుడిచి, బిగించి జీతం తీసుకుంటానని మన పిల్లాడంటే నవ్వుతాం.

ఇంకో రకం వాళ్ళున్నారు, మనల్ని మెచ్చుకునేవాళ్ళు. "మీకు చేతిపని రక్తంలోనే ఉంది" అంటారు. మా అమ్మ ఈతబద్దను స్కేలు లేకుండా ఒకే మందాన చీలుస్తుంది, నిజమే. ఏడేళ్ళ వయసు నుంచి చీల్చింది కాబట్టి చీలుస్తుంది. దొంగతనం రక్తంలో రాదు, నేర్పూ రక్తంలో రాదు. రెండు మాటలూ ఒక్క చెట్టు కాయలే. నేర్పు రావాలంటే నేర్పాలి. ఆ నేర్పేచోటు ఎక్కడుందో పిల్లాడికి చెప్పాల్సింది మనమే.

కాబట్టి చెబుదాం. ముందు చట్టం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయకూడదు, అమ్మకూడదు, బాగుచేయకూడదు కూడా. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోతుంది. ఫోన్లో వీడియో చూసి పైపు ముక్క కోసేవాడు తుపాకీ మేస్త్రీ కాడు, ముద్దాయి. బీహారులో ముంగేరు ఊరికి లైసెన్సు తుపాకుల పేరూ ఉంది, దొంగ తుపాకుల పేరూ ఉంది. పట్టుకునే ఆకురాయి ఒకటే, కూర్చునే చోటు వేరు. మన పిల్లాడు ఏ చోట కూర్చోవాలో మొదటి రోజే తేలాలి.

మొదటి మెట్టు తుపాకీ కాదు, ఐటీఐ. పదో తరగతి తర్వాత ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు, ఏదైనా రెండేళ్ళు. ఆకురాయి పట్టడం, వెర్నియరుతో, మైక్రోమీటరుతో కొలవడం, లేతు తిప్పడం, డ్రాయింగు చదవడం అక్కడ వస్తాయి. తర్వాత అప్రెంటిస్‌షిప్పు. రక్షణశాఖ ఆయుధ కర్మాగారాలు 2021 అక్టోబరు 1 నుంచి ఏడు కంపెనీలయ్యాయి. కాన్పూరు, ఇషాపూరు, తిరుచిరాపల్లి తుపాకుల కర్మాగారాలు ఆ ఏడింటిలో ఒక కంపెనీ కింద ఉన్నాయి. మనకు దగ్గరున్న మెదక్ కర్మాగారంలో చేసేవి యుద్ధ వాహనాలు. వీటిలో అప్రెంటిస్‌లుగా ఐటీఐ వాళ్ళనీ, పదో తరగతి పాసైన వాళ్ళనీ తీసుకుంటారు. అప్రెంటిస్ అయినంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు, అదీ చెప్పాలి. పోలీసు శాఖలోకి వెళ్తే ఆయుధాగారంలో ఆర్మరరు పని ఉంటుంది. సైన్యంలో ఈఎంఈ విభాగం ఆ పని చూస్తుంది, దాని శిక్షణ కేంద్రం ఒకటి సికింద్రాబాదులోనే ఉంది. కానీ 2022 నుంచి జవాన్ల భర్తీ అగ్నివీర్ పద్ధతిలో, నాలుగేళ్ళకే. ఆపైన ఉంచుకునేది నూటికి 25 మందికి మించదు. సొంతంగా మరమ్మతు కొట్టు పెట్టడం చివరి మెట్టు. దానికి లైసెన్సు కావాలి, పోలీసు విచారణ ఉంటుంది. తిరునాళ్ళ తగాదాలో పడ్డ కేసు కూడా అక్కడ అడ్డం వస్తుంది.

"తుపాకీ ఉద్యోగాలు ఎన్నుంటాయి సార్?" అని తోటి టీచర్లే అడుగుతారు. తక్కువే. కానీ ఫిట్టరు సర్టిఫికెట్టు తుపాకీ దగ్గరే ఆగదు. గుంటూరు చుట్టూ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలున్నాయి, జిన్నింగు మిల్లులున్నాయి. పత్తి తీసే చేతులు మనవి; ఆ పత్తిని ఆడే మిషను చెడితే విప్పడానికి వచ్చేవాళ్ళలో మనవాళ్ళు ఎందరు? "ఐటీఐ అంటే చదువు రానివాడి చదువు" అని బడిలో అన్న ప్రతిసారీ ఆ మిషను దగ్గరికి పోయే దారి మనమే మూస్తున్నాం.

అసలు అడ్డం లైసెన్సూ కాదు, కాన్పూరు దూరమూ కాదు. మిరప కోతలు. సంక్రాంతి దాటితే ఎరుకల, యానాది, సుగాలి పిల్లల బెంచీలు ఖాళీ అవుతాయి. మార్చి దాకా అంతే. దశాంశాలు, భిన్నాలు అందని పిల్లాడికి వెర్నియరు ఇస్తే ఏం చదువుతాడు? ఆ నెలల్లో హాజరు పట్టీలో టిక్కులు పెట్టి, ఏప్రిల్లో పై తరగతికి తోసి, పదో తరగతిలో లెక్కలు తప్పితే "వాళ్ళింతే" అనే మేస్టర్లలో మన కులపు మేస్టర్లూ ఉన్నారు. మేమూ చేశాం ఆ పని, కొన్నేళ్ళు.

ఆ పిల్లాడూ ఈ ఫిబ్రవరిలో పదకొండు రోజులు రాలేదు. చేనుకే వెళ్ళాం. "కోత అయిందాకా ఆగు మరిదీ, బాకీ ఉంది" అంది వాళ్ళమ్మ. బాకీ మేం తీర్చలేం. పగలు కోతకు పంపు వదినా, దీపాలు పెట్టేవేళకు మా ఇంటికి పంపు అన్నాం. పంపుతోంది. వాడితో పాటు ఇంకో ముగ్గురు వస్తున్నారు, ఇద్దరు ఆడపిల్లలు. కులం సర్టిఫికెట్టులో ఒక పేరూ ఆధార్‌లో ఒక పేరూ ఉన్నాయి వాడికి, అది సరిచేయించే పని మీద వచ్చే సోమవారం మండలాఫీసుకు పోతున్నాం.