పాత దూలం అమ్మే ముందు లెక్క వేయండి



పోస్టు కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి. ఇది మన ఇళ్ల సంగతి.

ఈమధ్య మన పిల్లల ఫోన్లలో ‘టైనీ హౌస్’ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. అమెరికాలో ఎవరో కుర్రాడు పాత చెక్కలు, పాత కిటికీలు ఏరుకొచ్చి బుల్లి ఇల్లు కట్టుకుంటాడు. చూసినోళ్లంతా ఆహా ఓహో అంటారు. అక్కడి ఇళ్ల నిర్మాణ నియమావళి ప్రకారం 400 చదరపు అడుగులు, అంతకంటే తక్కువ ఉంటే అది టైనీ హౌస్. మరి మన దగ్గర? పీఎం ఆవాస్ గ్రామీణ్ ఇంటికి కనీస కొలత వంటకు చోటుతో కలిపి 25 చదరపు మీటర్లు. అంటే సుమారు 270 చదరపు అడుగులు. తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు. అంటే వాళ్లు సరదాగా కట్టుకునే కొలతలో మనం తరతరాలుగా కాపురాలు చేస్తున్నాం. అమ్మ, నాన్న, తాత, నాయనమ్మ, నలుగురు పిల్లలు, వానాకాలం అయితే మేకలు కూడా.

కాబట్టి ‘చిన్న ఇల్లు ఎంత ముద్దుగా ఉందో’ అన్న మాట మనకు అక్కర్లేదు. కానీ ఆ వీడియోల్లో మనకు పనికొచ్చేది ఒకటుంది. పాత సామాను పారేయకుండా మళ్లీ వాడుకోవడం. ఆ తెలివి మన పెద్దోళ్లకు ఎప్పటినుంచో ఉంది. ఇల్లు మారితే పాత ఇంటి నిట్టాడి, దూలం, తలుపు కొత్త చోటికి మోసుకెళ్లేవాళ్లు. ఆ అలవాటును మనం ఇప్పుడు చేతులారా పోగొట్టుకుంటున్నాం. ఈ పోస్టు అందుకే.

ముందుగా ఒక పాత కథ. అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో అనే రచయిత 1845లో వాల్డెన్ అనే చెరువు ఒడ్డున 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవుతో ఒక గది కట్టుకున్నాడు. మొత్తం ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అని పైసాతో సహా పుస్తకంలో రాశాడు. వెయ్యి పాత ఇటుకలు 4 డాలర్లు, అద్దాలతో సహా రెండు పాత కిటికీలు 2 డాలర్ల 43 సెంట్లు. చెక్కలు ఎక్కడివి? రైలు మార్గం పనిలో ఉన్న జేమ్స్ కాలిన్స్ అనే ఐర్లాండ్ కూలీ గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొని, విప్పి తెచ్చుకున్నాడు. అమ్మిన కుటుంబం మర్నాడు తెల్లవారుజామునే సామానంతా ఒక్క మూటలో కట్టుకుని వెళ్లిపోయింది. థోరో గది నిలబడిన స్థలం కూడా అతనిది కాదు, స్నేహితుడు ఎమర్సన్‌ది.

ప్రపంచమంతా థోరోను తలుచుకుంటుంది. నాకు మాత్రం కాలిన్స్ కుటుంబమే గుర్తుంటుంది. ఆ మూటతో వాళ్లు ఎటు పోయారు? పాత సామానుతో చవకగా ఇల్లు కట్టుకోవడం అనే మాట వినగానే మనం రెండు ప్రశ్నలు వేయాలి. ఎవరి ఇల్లు విప్పారు? ఆ లాభం ఎవరికి పోయింది?

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ఇల్లు మంజూరైందని తెలియగానే ఏం జరుగుతోంది? జేసీబీ వస్తుంది. గంటలో పాత ఇల్లు నేలమట్టం. పెంకులన్నీ పిండి పిండి. టౌను నుంచి పాత కలప కొనేవాడు ఆటో వేసుకుని వచ్చి, తాతల నాటి టేకు దూలాలు, మద్ది వాసాలు, చెక్కిన ద్వారబంధం కుప్పగా బేరం చేసి పట్టుకుపోతాడు. ఒక్కో దుంగను కొలిచి లెక్కగట్టడు, మనమూ అడగం. ఆ డబ్బు పదిరోజుల్లో ఖర్చయిపోతుంది. తర్వాత కొత్త ఇంటికి తలుపు కావాలని అదే టౌనుకు వెళ్లి, అయిదేళ్లకే ఉబ్బిపోయే ప్లైవుడ్ తలుపు కొనుక్కొస్తాం. మనం అమ్మిన కలప సాన పట్టించుకుని ఎక్కడో హోటల్‌లో, రిసార్టులో స్తంభంగా నిలబడుతుంది. అక్కడ దాని పేరు ‘ట్రైబల్ లుక్’.

డబ్బు లెక్క కూడా చూడండి. పీఎం ఆవాస్ గ్రామీణ్ కింద మైదానంలో కేంద్రం లెక్క 1 లక్షా 20 వేలు, కొండ ప్రాంతాల్లో 1 లక్షా 30 వేలు. పీఎం జన్‌మన్ కింద చెంచులు, కొలాములు, కొండరెడ్లు లాంటి తెగలకు ఇంటికి 2 లక్షలు. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు, అది నాలుగు విడతల్లో వస్తుంది. బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు స్లాబ్ ఎత్తుకు లేచాక కొంత, స్లాబ్ పడ్డాక ఇంకొంత, అంతా పూర్తయ్యాక చివరి లక్ష. ఈ వరసలో అసలు కిటుకు ‘అయ్యాక’ అన్న మాటలో ఉంది. బేస్‌మెంట్ మన సొంత డబ్బుతో లేస్తేనే మొదటి లక్ష వస్తుంది. చేతిలో రూపాయి లేనివాడు ఆ బేస్‌మెంట్ ఎట్లా లేపుతాడు? వడ్డీకి తెస్తాడు. ఇల్లు పూర్తయ్యేసరికి పత్తి, మిర్చి, జీడిపిక్కల మీద వచ్చే డబ్బంతా వడ్డీకే పోతుంది. ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే ముందు ఆమె చదువే ఆగుతుంది.

నేను చెప్పేది ఇక్కడే. పాత ఇల్లు మన మొదటి విడత. పునాదిలో వేయడానికి రాయి అందులోనే ఉంది. గోడ కాల్చిన ఇటుకదైతే ఇటుక ఉంది. తలుపులు, కిటికీలు, చువ్వలు ఉన్నాయి. వాటిని కుప్పబేరానికి అమ్మేసి, అవే మళ్లీ అప్పుతో కొనడం ఏం తెలివి?

‘అయితే మమ్మల్ని పాత గుడిసెల్లోనే ఉండమంటున్నావా?’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆదివాసీలు మట్టి గోడల్లో ఉంటేనే అందం అని ఫోటోలు తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల ఇళ్లు మాత్రం స్లాబ్‌లే. నేను ఆ గుంపులో లేను. ప్రభుత్వం ఇచ్చే ఇల్లు మన హక్కు, ఒక్క రూపాయి కూడా వదులుకోవద్దు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అలాంటి చోట ఉత్త మట్టి గోడ నిలవదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గట్టి ఇల్లు కావాలి. ఆ గట్టి ఇంటిలోకి పాత ఇంటి మంచి సామాను ఎందుకు రాకూడదు? స్లాబ్ ఇంటికి పాత టేకు ద్వారబంధం ఉంటే నామోషీ ఏంటి?

లారీ బేకర్ పేరు కొందరు వినే ఉంటారు. 1917లో ఇంగ్లండ్‌లో పుట్టి, మన దేశంలోనే స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన ఆర్కిటెక్టు. ఇంటికి కావాల్సినవి దగ్గర్లో దొరికేవాటితోనే కట్టాలన్న గాంధీ మాటను జీవితాంతం పట్టుకున్నాడు. పాత ఇళ్లు కూల్చినచోట తలుపులు, కిటికీలు తెచ్చి కొత్త ఇళ్లకు పెట్టేవాడు. స్లాబ్ కింది భాగంలో చువ్వల మధ్య కాంక్రీటు పెద్దగా బరువు మోయదు కాబట్టి, ఆ ఖాళీల్లో పాత మంగుళూరు పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించాడు. ఇటుకను నిలువుగా అంచు మీద పేర్చి గోడ మధ్యలో బోలు వదిలే పద్ధతితో నాలుగో వంతు ఇటుక మిగిల్చాడు. ఆ బోలు వల్ల ఎండాకాలం లోపల చల్లగా కూడా ఉంటుంది. పేదవాళ్లకే కాదు, కాలేజీలకు, పరిశోధన సంస్థలకు కూడా ఆయన ఇలాగే కట్టాడు. పాత పెంకు పెద్ద కట్టడానికి పనికొచ్చినప్పుడు మన ఇంటికి చిన్నతనం ఎందుకవుతుంది?

ఇప్పుడు పని మాట. ఇల్లు విప్పాలనుకునేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి.

మంజూరు పత్రం చేతికి రాకముందే, అధికారులు ఫోటో తీసుకోకముందే పాత ఇల్లు ముట్టుకోవద్దు. తర్వాత ఇబ్బంది పడేది మీరే.

జేసీబీ వద్దు, చేతులతో విప్పండి. పైనుంచి కిందికి రావాలి. ముందు పెంకు దించాలి, తర్వాత వాసాలు, తర్వాత దూలాలు, చివర్లో ద్వారబంధాలు. నలుగురు కుర్రాళ్లు కలిస్తే రెండు మూడు రోజుల పని. మేకులు పీకి డబ్బాలో వేయండి, లేదంటే పిల్లల కాళ్లలో దిగుతాయి.

ప్రతిదీ పరీక్ష చేయండి. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. దూలాన్ని సుత్తితో తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే లోపల చెద తిన్నట్టు. మేకు సులువుగా దిగినా అంతే. చెద పట్టిన చివర కోసేస్తే మిగతాది కిటికీకో అరుగు మీది పందిరికో పనికొస్తుంది.

సామాను చూసి ప్లాన్ గీయండి. చాలామంది ముందు గుమ్మం కొలత రాసుకుని, తర్వాత తలుపు వెతుకుతారు. మీ దగ్గర ఉన్న ద్వారబంధం ఎంతుందో కొలిచి, మేస్త్రికి ముందే చెప్పి, గోడలో అంతే ఖాళీ వదిలించండి.

కొన్ని మాత్రం మళ్లీ వాడొద్దు. తుప్పు పట్టి వంకరపోయిన పాత చువ్వలను సాగదీసి స్లాబ్‌లో వేయొద్దు, అది ప్రాణాలతో ఆట. పాత సిమెంటు రేకులను కోయొద్దు, పగలగొట్టొద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. పెంకులు పెట్టి స్లాబ్ పోయించాలంటే ఆ పని తెలిసిన మేస్త్రి ఉండాలి, గృహనిర్మాణ ఇంజినీరు ఒప్పుకోవాలి.

ఇంకో మాట, అడవి సంగతి. కొత్త కలప కోసం అడవిలో గొడ్డలి వేస్తే కేసు. పాత ఇంటి దూలానికి ఆ భయం లేదు, కానీ బండి మీద ఊరు దాటిస్తుంటే చెక్‌పోస్టు దగ్గర కాగితం అడగొచ్చు. ముందే ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసులో కనుక్కోండి, బయట కొంటే రసీదు తీసుకోండి. వెదురు సంగతి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురును కూడా చేర్చింది. గ్రామసభకు సామూహిక హక్కు పత్రం ఉందో లేదో మీ ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఇల్లు కట్టే వంకతోనైనా ఆ ఫైలు ఒకసారి అడగండి.

చివరగా చదువుకునే మనకు ఒక పని చెప్తాను. ప్రతి ఊళ్లో ఒక చిన్న చదువు గది కడదాం. 10 అడుగులకు 12 అడుగులు చాలు. వాలు, చూరు కలుపుకుంటే పైకప్పు దాదాపు 180 చదరపు అడుగులు అవుతుంది. దానికి సుమారు 250 మంగుళూరు పెంకులు, పగిలేవాటికి ఇంకో పాతిక. ఒక ఇల్లు విప్పితే మిగిలే పెంకులతోనే సరిపోవచ్చు, లేదంటే రెండిళ్లవి కలపొచ్చు. నడుము ఎత్తు వరకు పాత ఇటుక, ఆపైన వెదురు తడికకు మట్టి పూత. రెండు పాత కిటికీలు, ఒక తలుపు, ఒక బల్బు. సెలవులకు ఇంటికి వచ్చే హాస్టల్ పిల్లలకు టీవీ మోత లేని చోటు దొరుకుతుంది. పోటీ పరీక్షలకు చదివే అక్కకు రాత్రి పదింటిదాకా కూర్చునే చోటు ఉంటుంది.

దీనికి కావాల్సిన అసలు సామాను ఇంకోటి ఉంది. తడిక అల్లడం, పెంకు పరచడం, చెక్కకు చెక్క మేకు లేకుండా బిగించడం తెలిసిన తాతలు, మావయ్యలు. ప్రతి ఊళ్లో ఇంకా ఒకరిద్దరున్నారు. వాళ్లు పోయాక ఆ పని నేర్పించేవాళ్లు ఉండరు. ఈ ఎండాకాలం సెలవుల్లో వాళ్ల పక్కన నిలబడి తడిక పట్టుకుందాం. డిగ్రీ, బీటెక్ చదువుతున్నామని చేతికి మట్టి అంటకూడదన్న రూలేం లేదు కదా.

మీ ఊళ్లో ఈ ఏడాది ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయో, అందులో ఎన్ని పాత ఇళ్లు విప్పబోతున్నారో కింద రాయండి. పాత కలప మీ దగ్గర ఏ రేటుకు కొంటున్నారో కూడా రాయండి, రేట్లు పక్కపక్కన పెడితే మనల్ని ఎంత మోసం చేస్తున్నారో అందరికీ తెలుస్తుంది. అప్పటిదాకా ఆటోవాడు వచ్చి కుప్పబేరం అడిగితే ‘మా ఇంట్లో వాళ్లతో మాట్లాడి చెప్తాం’ అని చెప్పి పంపించేయండి.

జోహార్.