దంపతులతో ఒక మాట
కలయికలో వీర్యం లోపల పడకముందే భర్త తప్పుకుంటే గర్భం రాదని మనలో చాలామంది నమ్ముతాం. ఓనాను సంగతి (ఆదికాండము 38) చదివి, ఇది పాపమేమోనని దిగులుపడేవారూ ఉన్నారు. చనిపోయిన అన్నకు సంతానం కలుగనియ్యకపోవడమే అతని దోషమని మేము గ్రహిస్తున్నాం.

అయితే ఈ పద్ధతినే నమ్ముకున్న 100 మంది స్త్రీలలో సుమారు 20 మందికి ఏడాదిలోపే గర్భం వస్తుంది. సుఖవ్యాధుల నుండి రక్షణ కూడా లేదు. నెలనెలా ఆ భయమంతా భార్య ఒక్కతే మోస్తుంది. ఎఫెసీ 5:25 భర్తలకు నేర్పే ప్రేమ ఇది కాదు. బిడ్డల మధ్య ఎడం కావాలంటే ఇద్దరూ కలిసి ప్రార్థించి, మాట్లాడుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. నిరోధ్, మాత్రలు, కాపర్-టి అక్కడ ఉచితం. ప్రభువు మీ గృహాలను దీవించును గాక.