తెర లేవాలో వద్దో గుంపు నిర్ణయించరాదు

వానలు వెనుకబట్టి చలిగాలి తిరిగితే హైదరాబాదులో నాటకాల ఋతువు వచ్చినట్లే. రవీంద్రభారతిలో సాంఘిక నాటకాలు, పద్యనాటకాలు వరుసకడతాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సంప్రదాయపు వారసులు తమ మాయల తెరలు సవరించుకుంటారు. ఖాదిర్ అలీ బేగ్ స్మారక నాటకోత్సవానికి దూరప్రాంతాల బృందాలు వస్తాయి. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో చిన్న బృందాలు నాలుగైదు భాషలలో ఆడతాయి. మాదాపూర్ శిల్పకళావేదికలోనూ, కాఫీ హోటళ్ల మేడగదులలోనూ ఒంటిమనిషి హాస్య ప్రదర్శనలు నడుస్తాయి. పెద్ద హోటళ్లవారు నూతన సంవత్సర వేడుకలకు ఆటపాటల కార్యక్రమాలు ప్రకటిస్తారు.

ఇవన్నీ మనకెందుకు, మన బాధలు మనకు చాలవా అని పాఠకులు అడగవచ్చు. వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు, ఉద్యోగాలలో వాటా వంటి విషయాలతో నిండే ఈ పుటలలో నాటకశాల ప్రసక్తి కొందరికి వింతగా తోచవచ్చు. అయితే నలుగురి ముందు నిలబడి మాట్లాడే హక్కు కూడా ఆ హక్కుల వరుసలోనిదే. అది పోయిననాడు తక్కిన హక్కుల గురించి అడగడానికి గొంతు మిగలదు. ఈ ఋతువులో ఏ ప్రదర్శనకు తెర లేస్తుంది, దేనికి లేవదు, ఆ నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్న అందుచేత మనది కూడా.

తెలుగు రంగస్థలానికి మనం పరాయివారం కాము. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు పితామహుడనిపించుకున్నాడు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలను ఆయన నోట విన్న వేలాది జనం ఆయన మతమేమిటని అడగలేదు. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించింది. జనగామ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, తన భూమి కోసం న్యాయస్థానంలో పోరాడి, హత్యకు గురైన షేక్ బందగీ జీవితం ‘మా భూమి’ నాటకానికి ప్రేరణ అయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన ఆ నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. ఒక పేద ముస్లిం రైతు కథను ఇద్దరు హిందూ రచయితలు రాయగా, తెలుగు పల్లెలన్నీ కన్నీటితో చూశాయి. రంగస్థలానికి అంతటి శక్తి ఉన్నది కనుకనే పాలకులకు దానిపై అంతటి అనుమానం.

ఈ నగరంలోనే బబ్బన్ ఖాన్ 1965లో ‘అద్రక్ కే పంజే’ మొదలుపెట్టాడు. చాలీచాలని రాబడితో, ఇంటినిండా పిల్లలతో సతమతమయ్యే సంసారి అవస్థను మన దక్ఖనీ యాసలో నవ్వుతూ నవ్విస్తూ చెప్పిన నాటకమది. దశాబ్దాల తరబడి దేశదేశాలలో ఆడి గిన్నిస్ పుస్తకానికెక్కింది. మన ఇంటి లోపాన్ని మనమే నలుగురిలో చెప్పుకొని నవ్వుకోగలిగినందువల్ల సమాజం చిన్నబోలేదు. పైగా మన యాసకు గౌరవం పెరిగింది.

ఇక ‘కాబరే’ అనే మాట. తెలుగు సినిమాలు చూసి పెరిగినవారికి ఆ మాట వినగానే క్లబ్బులో ప్రతినాయకుని ఎదుట సాగే నృత్యం గుర్తుకు వస్తుంది. దాని పుట్టుక వేరు. 1881లో పారిస్ నగరంలో ‘ల షా న్వార్’ అనే చోట కవులు, గాయకులు, చిత్రకారులు కూడి పాటలు, పద్యాలు, ఎత్తిపొడుపులు వినిపించేవారు. అది జర్మనీకి చేరి రాజకీయ వ్యంగ్యంగా పదునెక్కింది. బెర్లిన్‌లో వెర్నర్ ఫింక్ నడిపిన ‘కటకోంబె’ కాబరేను నాజీలు 1935లో మూయించి, అతణ్ణి నిర్బంధ శిబిరానికి పంపారు. వియన్నాలో ప్రజలను నవ్వించిన యూదు కళాకారుడు ఫ్రిట్జ్ గ్రూన్‌బామ్ 1941లో దాఖౌ శిబిరంలో మరణించాడు. బెర్లిన్ రంగస్థలం మీద వెలిగిన మరో యూదు నటుడు కుర్ట్ గెరోన్‌ను 1944లో ఆష్‌విట్జ్‌లో చంపారు. ఒక మైనారిటీ సమాజాన్ని తుడిచిపెట్టదలచినవారు దాని హాస్యగాళ్లను కూడా వదలలేదన్నది చరిత్ర. నవ్వేవాడు ఇంకా భయపడలేదని నియంతకు తెలుసు.

మన నగరపు నేటి కాబరే ఆ స్టాండప్ కామెడీయే. ఒక మైకు, ఒక మనిషి, ఎదుట నూరుమంది. అక్కడే నేడు అనుమతుల పరీక్ష జరుగుతున్నది. మునవ్వర్ ఫారూఖీ అనే యువ హాస్యగాణ్ణి 2021 జనవరి 1న ఇందోరులో ప్రదర్శన అడ్డగించి అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చేదాకా నెలకు పైగా జైలులో ఉన్నాడు. అదే ఏడాది నవంబరులో పోలీసులు నిర్వాహకులకు రాసిన లేఖతో బెంగుళూరు ప్రదర్శన ఆగిపోయింది. 2022 ఆగస్టు 20న మాత్రం హైదరాబాదు శిల్పకళావేదికలో, బెదిరింపుల నడుమ, భారీ పోలీసు బందోబస్తుతో అతని ప్రదర్శన జరిగింది. కొద్దిరోజులకే ఢిల్లీ పోలీసులు అనుమతి నిరాకరించారు. మనిషి ఒక్కడే, రాజ్యాంగమూ ఒక్కటే. నగరం మారితే హక్కు మారింది.

హైదరాబాదు ప్రదర్శన వెనువెంటనే వచ్చిన ద్వేషపూరిత వీడియో, దానిపై నిరసనలు, అరెస్టులతో నగరం ఎంత ఉద్రిక్తమైనదో మనకు గుర్తే. అందుచేత “ఆ ప్రదర్శన జరగకపోయినా బాగుండేది” అన్నవారు మనలోనూ ఉన్నారు. వారి ఆందోళనలో నిజముంది. అల్లరి జరిగితే మొదట మూతపడేవి పాతబస్తీ దుకాణాలే. అయినా ఆ వాదాన్ని అంగీకరిస్తే, బెదిరించినవాడి మాటే చట్టమవుతుంది. 1989లో ఎస్. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని నిర్ద్వంద్వంగా తేల్చింది. నిరసనలు, హింసాబెదిరింపులు ఉన్నాయన్న కారణంతో భావప్రకటనను అణచరాదని, ఆ స్వేచ్ఛను కాపాడడం ప్రభుత్వ విధి అని చెప్పింది. అది ఒక చలనచిత్రం విషయంలో వచ్చిన తీర్పే అయినా, నాటకానికీ హాస్యానికీ ఆ న్యాయమే వర్తించాలి.

చట్టాలు మారలేదా అంటే మారాయి. ‘నీలదర్పణం’ వంటి నాటకాలకు జడిసి ఆంగ్లేయులు తెచ్చిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది. 2018 జనవరిలో అది చట్టాల పుస్తకం నుంచి తొలగింది. ప్రజావినోదాలకు లైసెన్సు నియమాలు పెట్టే అధికారం మాత్రం నిజాం కాలపు 1348 ఫస్లీ హైదరాబాదు నగర పోలీసు చట్టం కింద నేటికీ ఉంది. నియమాలు ఉండడం తప్పు కాదు. అగ్నిప్రమాదం, తొక్కిసలాట, వాహనాల రద్దీ ఎవరో ఒకరు చూడవలసిందే. అవి అందరికీ ఒకే తీరుగా అమలవుతున్నాయా అన్నదే నా ప్రశ్న.

ప్రభుత్వ గుమాస్తాగా జీవితం గడిపినవాడిగా ఒక సంగతి చెప్పగలను. కార్యాలయాలలో ‘కుదరదు’ అని రాయడం అరుదు. అలా రాస్తే కారణం చూపాలి, కారణం చూపితే దానిపై హైకోర్టుకు వెళ్లవచ్చు. కనుక అర్జీ ‘పరిశీలనలో’ ఉంటుంది. మరొక శాఖ అభిప్రాయం కోరబడుతుంది. ప్రదర్శన రోజు సాయంత్రానికి ఫైలు ఎక్కడో ఒక బల్లపై ఉంటుంది. హాలు అద్దె పోతుంది, టికెట్ల సొమ్ము తిరిగి ఇవ్వాలి, దూరం నుంచి వచ్చిన నటులు వెళ్లిపోతారు. నిషేధపు ఉత్తర్వు ఒక్కటీ వెలువడకుండానే నాటకం చచ్చిపోతుంది. చేతికి కాగితం రాలేదు కనుక ఎవరిపైనా ఫిర్యాదు లేదు. చిన్న బృందం ఒకసారి ఇలా దెబ్బతింటే మరుసటి ఏడు ఆ ఇతివృత్తం జోలికే పోదు.

హక్కు అడిగేవారు హక్కు ఇవ్వడం కూడా నేర్వాలి. 2007 ఆగస్టులో ఈ నగరపు ప్రెస్‌క్లబ్‌లో రచయిత్రి తస్లీమా నస్రీన్‌పై దాడి జరిగినప్పుడు, దాడిచేసినవారిలో మన ప్రతినిధులమని చెప్పుకొనే శాసనసభ్యులు ఉన్నారు. ఆమె రాతలు మనలో ఎందరినో నొప్పించిన మాట నిజమే. పుస్తకానికి పుస్తకంతో బదులివ్వవచ్చు, సభకు సభ పెట్టవచ్చు. కుర్చీలు, పూలగుత్తులు విసరడం బదులు కాదు. ఆనాటి దృశ్యాన్ని సమర్థించే నోటితో నేడు ఫారూఖీ హక్కు గురించి మాట్లాడితే వినేవాడెవడు?

నాటకం, సంగీతం, నృత్యం ధర్మసమ్మతం కావని భావించే పెద్దలు మనలో ఉన్నారు. వారి విశ్వాసాన్ని గౌరవిస్తాను. వారు చూడకపోవచ్చు, తమ ఇంటివారికి బోధించవచ్చు, మసీదులో చెప్పవచ్చు. అది విశ్వాసపు పరిధి. పోలీసు స్టేషనుకు వెళ్లి ఇతరుల ప్రదర్శన ఆపించమంటే పరిధి దాటినట్లే. నేడు మనం ఆ ద్వారం తెరిస్తే, రేపు అదే ద్వారం గుండా మన మీలాద్ సభను, ముషాయిరాను ఆపించడానికి మరొకరు వస్తారు. అయితే ఒక సమాజంపై దాడికి పురికొల్పే మాటకు నా వాదంలో చోటు లేదు. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షను కింద నేరం. అటువంటి మాట రంగస్థలంపై వచ్చినా, ఊరేగింపు బండిపై వచ్చినా కేసు పెట్టవలసిందే. హేళన నొప్పిస్తుంది, పురికొల్పు ప్రాణం తీస్తుంది; రెండింటినీ ఒకే గాటకు కట్టరాదు.

నృత్యం చేసి పొట్టపోసుకొనే స్త్రీల సంగతి కూడా ఈ సందర్భంలో చెప్పాలి. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం బార్లలో నృత్యాన్ని నిషేధించి, పెద్ద హోటళ్లకు మినహాయింపు ఇచ్చింది. వేలాది పేద స్త్రీల బతుకుతెరువు పోయింది. ఆ నిషేధం చెల్లదని 2006లో బొంబాయి హైకోర్టు, 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాయి. ఒకే నృత్యం ధనికుల హోటలులో కళ, పేదల బారులో అశ్లీలం ఎలా అవుతుందన్నది అందులోని ప్రధాన ప్రశ్న. మన మౌలాలీ గుట్ట పాదాన మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. ఆమె నర్తకి, గాయని, ఉర్దూలో దీవాన్ వెలువరించిన తొలి కవయిత్రులలో ఒకరు. రెండు వందల ఏళ్ల కిందటి నర్తకి సమాధికి మరమ్మతులు చేయించి గర్వించే నగరం, నేటి నర్తకిని నేరస్థురాలిగా చూడడం సబబు కాదు. ఆమెకు కావలసింది కూలీ హామీ, రాత్రి ఇల్లు చేరే భద్రత.

చివరగా పాతబస్తీ మాట. నేను పైన చెప్పిన ప్రదర్శనలలో అత్యధికం మూసీకి అవతలి ఒడ్డునే జరుగుతాయి. ఖిల్వత్‌లోని ఉర్దూ మస్కన్, మొఘల్‌పురాలోని ఉర్దూ ఘర్ ఉన్నాయి. వాటిలో సభలు, ముషాయిరాలు జరుగుతున్నాయి. మంచి దీపాలు, ధ్వని, నటీమణులకు వేషధారణ గది, స్త్రీ ప్రేక్షకులకు తగు వసతితో నెలనెలా నాటకం ఆడే వేదికగా ఒక్కదానినైనా తీర్చిదిద్దమని మనం ఎప్పుడైనా ఊరేగింపుగా వెళ్లి అడిగామా? బబ్బన్ ఖాన్ యాస మాట్లాడే వీధులలో ఆ యాస నాటకం చూడాలంటే బస్సెక్కి నది దాటాలి. ఏడుగంటల ఆటకు వెళ్లిన ఆడపిల్ల పదిగంటలకు ఇల్లు చేరేదెలా అన్న ప్రశ్నకు జవాబు లేక చాలా ఇళ్లలో ఆ కోరిక అక్కడే అణగిపోతున్నది.

కాబట్టి మన సంఘాలు ఈ ఋతువులోనే నాలుగు కోరికలతో అర్జీ ఇవ్వాలి. ప్రదర్శన అనుమతిపై నిర్ణీత గడువులో లిఖితపూర్వకంగా, కారణంతో సహా జవాబు ఇవ్వాలి. బెదిరింపు వస్తే బెదిరించినవాడిపై కేసు, ఆడేవాడికి రక్షణ ఉండాలి. ప్రభుత్వ హాళ్ల కేటాయింపు జాబితా అందరూ చూసేలా ప్రకటించాలి. పాతబస్తీలో ఒక సక్రమమైన నాటకశాల, ప్రదర్శన ముగిశాక బస్సు సౌకర్యం ఉండాలి. అర్జీకి బదులు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పదిరూపాయల రుసుముతో, గడచిన మూడేళ్లలో ఎన్ని ప్రదర్శనలకు అనుమతి అడిగారో, ఎన్ని ‘పరిశీలన’లోనే ముగిశాయో అడగవచ్చు, ముప్పై రోజులలో జవాబు చెప్పి తీరాలి. అర్జీ రాయడం తెలియనివారికి రాసిపెట్టడానికి నావంటి పింఛనుదారులు ప్రతి మొహల్లాలో ఉన్నారు.

ఇక పాఠకులు చేయవలసినది మరొకటి ఉంది. ఈ చలికాలంలో ఒక్క నాటకమైనా టికెట్టు కొని, ఇంటిల్లిపాదితో వెళ్లి చూడండి. నచ్చకపోతే మరునాడు ఈ పత్రికకే విమర్శ రాసి పంపండి. ఖాళీ కుర్చీల ముందు ఆడే నాటకాన్ని ఆపడం ఎవరికైనా తేలిక. నిండిన సభను ఆపాలంటే అధికారి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.