పులి పేరు చెప్పి చెంచుల్ని వెళ్ళగొడతారా?

నల్లమలలో పులి బతకాలని మనమూ కోరుతున్నాం. అందుకు చెంచు గూడెం ఖాళీ చేయాలంటున్నారే, అక్కడే మన తగాదా.

నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో పులుల రక్షిత ప్రాంతమైంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగం అమ్రాబాద్ పేర వేరయింది. తేనె, గడ్డలు, బంక తెచ్చుకు బతికే చెంచులు అంతకు ఎన్నో తరాల ముందునుంచీ అక్కడున్నారు. 2024 జూన్‌లో కేంద్ర పులుల సంరక్షణ సంస్థ దేశం మొత్తం మీద పులుల అడవుల నడిమి భాగాల్లో 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయని లెక్క తీసి, తరలింపు త్వరపెట్టమని రాష్ట్రాలకు రాసింది.

కుటుంబానికి 15 లక్షలట! ఆ డబ్బు అయిపోయాక? భూమిలేని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, అడవి విడిచినవాడు వచ్చి చేరేది మన కూలి అడ్డాకే.

2006 అటవీ హక్కుల చట్టం ఏమంటోంది? ముందు హక్కులు తేల్చాలి. మనిషీ పులీ కలిసి బతికే దారి లేదని తేలాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. ఇవేవీ లేకుండా సంతకాలు పెట్టించుకుని 'స్వచ్ఛందం' అంటే నమ్మేదెవరు?

పులి జాడ పట్టడానికి, అడవి కావలికి అటవీశాఖ పెట్టుకున్నది చెంచుల్నే కదా! కర్ణాటకలో బిలిగిరి రంగన కొండల సోలిగలకు 2011లో సామూహిక హక్కులిచ్చారు. అక్కడ పులులేమీ పోలేదు.

అమ్రాబాద్‌లో యురేనియం వెతకడానికి 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సరేనంది. అప్పుడు పులి గుర్తుకు రాలేదు కాబోలు! జనం తిరగబడ్డాకే శాసనసభ వద్దని తీర్మానించింది.

తరలింపు కాగితం పట్టుకొచ్చినవాణ్ణి ముందు హక్కుపత్రాలేవని అడగండి. గ్రామసభ తీర్మానం లేనిదే వేలిముద్ర వేయకండి.